మహమ్మారి కాలంలో డెల్టాలోని గిరిజన కుటుంబాల ఆరోగ్యాన్నీ హక్కులనూ కాపాడడం ఎలా

గిరిజనులు అనగానే గోదావరి జిల్లాల్లో ఎవరి ఆలోచనైనా రంపచోడవరం, చింతూరు, బుట్టాయగూడెం కొండల వైపే పోతుంది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయాలు అటువైపే ఉన్నాయి, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలన కల్పించే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు వర్తించేదీ అటువైపే, గిరిజనుల వార్తలు పత్రికలకు వచ్చేదీ ఎక్కువగా అక్కడి నుంచే. కానీ ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ ఉన్న పల్లపు మండలాల్లో కూడా యానాదులు, ఎరుకలవారు తరతరాలుగా బతుకుతున్నారు. పంట కాలువ గట్టు మీదో, మురుగు కాలువ పక్కనో, పుంత చివరో, రొయ్యల చెరువు గట్టు మీదో నాలుగైదు పాకలుగా ఉండే ఈ కుటుంబాల్లో చాలావాటికి వీధి పేరు గానీ ఇంటి నంబరు గానీ ఉండవు. మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయమంతా వీధుల వారీగా, నంబర్ల వారీగా నడుస్తుంది కనుక, ఆ రెండూ లేనివారికి జబ్బు ముందు చేరుతుంది, సహాయం చివరికి చేరుతుంది.

కొవిడ్ వచ్చిన 2020, 2021 సంవత్సరాల్లో గట్ల మీది పాకలకు వెళ్లి చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఈ కుటుంబాల విషయంలో హక్కులను కాపాడడం, ఆరోగ్యాన్ని కాపాడడం రెండు పనులు కావు. బియ్యం అందని ఇంట్లో మనిషిని పద్నాలుగు రోజులు కదలకుండా ఉంచడం సాధ్యం కాదు. యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్న కాపలాదారుకు జ్వరం వచ్చినా చెరువు వదిలి ఆసుపత్రికి వెళ్లే ధైర్యం రాదు. ఊరి కుళాయి దగ్గరికి రానివ్వని మనిషికి చేతులు కడుక్కోమని చెప్పి ప్రయోజనం లేదు. గ్రామ సచివాలయ సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు, ఊళ్లలోని సేవా సంఘాలకు, అందరికంటే ముఖ్యంగా ఆ పేటల్లోనే పుట్టి చదువుకున్న యువతీ యువకులకు ఉపయోగపడాలని ఈ కింది పద్ధతిని రాస్తున్నాను.

జబ్బు రాకముందే జాబితా

మొట్టమొదటి పని పాక పాకకూ తిరిగి జాబితా తయారు చేయడం. ఇది జబ్బు వచ్చాక చేసే పని కాదు, మామూలు రోజుల్లోనే చేసి పెట్టుకోవాలి. అయితే ఎలా చేస్తామన్నది చాలా ముఖ్యం. ఎరుకలవారిని, 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసి, పేర్లు రాసుకుని, పోలీసుల ముందు హాజరు వేయించింది. ఆ చట్టం 1952లో రద్దయినా దాని నీడ ఇంకా తొలగలేదు. కాగితం, కలం పట్టుకుని బయటివారు పేటలోకి వస్తే పెద్దవాళ్లు తలుపు దగ్గరికి వేయడం ఆ భయం వల్లనే గాని మొండితనం వల్ల కాదు. కాబట్టి ముందుగా కులపెద్దతోను, పేటలో నలుగురూ మాట వినే ఒక స్త్రీతోను కూర్చుని, జాబితా ఎందుకు, అది ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి చూపించం అన్నది స్పష్టంగా చెప్పి, వారు సరేనన్న తర్వాతనే మొదలుపెట్టాలి. పోలీసులను గానీ చెరువు యజమానిని గానీ వెంట తీసుకువెళ్లకూడదు. పేటలో చదువుకున్న అమ్మాయో అబ్బాయో ఉంటే రాసే పని వారికే అప్పగించడం అన్నిటికన్నా మేలు.

జాబితాలో పేరు, వయసు, ఇంట్లో ఎందరు అన్నవి ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు గర్భిణులు, బాలింతలు, క్షయకు మందులు వాడుతున్నవారు, బీపీ, షుగరు ఉన్నవారు, మంచం పట్టిన వృద్ధులు ఎవరో రాసుకోవాలి. రేషను కార్డు ఉందా, ఉంటే ఏ ఊళ్లో ఉంది, ఆధార్ ఉందా, ఎస్టీ ధ్రువపత్రం ఉందా అని అడగాలి. ఇంట్లో ఎరుకల భాషే మాట్లాడే వృద్ధులుంటే వారికి ఎవరు చెప్పగలరో కూడా రాసుకోవాలి. ఎక్కడ ఉంటారు అని అడిగితే చాలామంది పేట పేరే చెబుతారు గాని, రాత్రి ఎక్కడ పడుకుంటారు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. చెరువు కాపలా ఉన్న కుటుంబం నెలల తరబడి గట్టు మీది పాకలోనే ఉంటుంది. పీతల వేటకు వెళ్లేవారు తాళ్లరేవు, కాట్రేనికోన వైపు మడ అడవుల అంచున రోజుల తరబడి ఉండిపోతారు. ఎలుకల బుట్టలు పెట్టేవారు సార్వా (తొలి పంట), దాళ్వా (రెండో పంట) కోతలను బట్టి ఊళ్లు మారుతారు. అందుచేత ఏడాదికి కనీసం రెండుసార్లు, పంటల మార్పును అనుసరించి, జాబితాను సరిచూసుకోవాలి.

ఫోన్ నంబరు దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. కుటుంబం చెప్పే నంబరు ఎవరిదో అడగాలి. కొవిడ్ కాలంలో పరీక్ష ఫలితమూ, టీకా నమోదు ఓటీపీ కూడా ఫోనుకే వచ్చేవి. సొంత ఫోను లేని కాపలాదారు చెరువు యజమాని నంబరో, గుమస్తా నంబరో ఇస్తే, అతనికి జబ్బు ఉన్నట్టు అతనికంటే ముందు యజమానికి తెలుస్తుంది. ఆ ఒక్క సందేశంతో పని పోవచ్చు, పాక ఖాళీ చేయమనవచ్చు, లేదా మేత వేసే మనిషి దొరకడని సంగతి చెప్పకుండానే పని చేయించుకోవచ్చు. కనుక సొంత ఫోను లేనివారి పేరు ఎదుట పేటలోనే నమ్మకస్థురాలైన ఒకరి నంబరు, వారి అనుమతితో రాయాలి. జాబితా ప్రతి ఒకటి గ్రామ ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం దగ్గర, మరొకటి పేటలోనే ఉండాలి. దానిని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా తప్పే. మనిషి ఆరోగ్య వివరాలు అతని గోప్యతలో భాగం, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తేల్చి చెప్పింది.

డెల్టా తలాపున ఉన్న పునరావాస కాలనీలను కూడా ఈ జాబితాలో మరవకూడదు. పోలవరం ముంపు గ్రామాల నుంచి కదిలివచ్చిన కొండరెడ్డి, కోయ కుటుంబాలకు కొండ మీద తెలిసిన ఆకు, దుంప, వాగు ఏదీ కొత్త కాలనీలో అందదు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ రక్తహీనత ఉంటుంది, అటువంటివారికి ఊపిరితిత్తుల జబ్బు సోకితే ముప్పు ఎక్కువ కనుక వారి పేర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి విడిగా తెలియాలి.

బియ్యం, నీళ్లు, కూలి

మందుల కంటే ముందు చూడవలసింది బియ్యం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అతిపేదలకిచ్చే అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోలు, మిగతా అర్హులకు మనిషికి 5 కిలోలు అందాలి. 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం దానికి అదనంగా మనిషికి 5 కిలోలు ఉచితంగా ఇచ్చింది. కార్డు ఉన్నవారికి ఇది నిజంగా ప్రాణాధారమైంది గాని, కార్డు లేనివారి పొయ్యి మీదికి అది రాలేదు. కనుక జాబితాలో కార్డు లేదని తేలిన ప్రతి కుటుంబానికీ మామూలు రోజుల్లోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టించి, రసీదు వారి చేతికే ఇప్పించాలి. కార్డు వేరే ఊళ్లో ఉన్నవారికి ఉన్నచోటే సరుకులు తీసుకునే వీలు ఉందని చెప్పి, మొదటిసారి ఎవరైనా వెంట వెళ్లి ఇప్పించాలి. ఒకసారి తెచ్చుకున్నాక వారే తెచ్చుకుంటారు.

వేలిముద్రల ఇబ్బందిని తేలికగా తీసుకోకూడదు. రోజంతా ఉప్పునీళ్లలో వల లాగే చేతులకు, పీతల గిట్టలతో గాయపడే వేళ్లకు, ఈత బద్దలు చీల్చి బుట్టలు అల్లే చేతులకు గీతలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టదు. ఆధార్ లేదన్న కారణంతోగానీ, వేలిముద్ర పడలేదన్న కారణంతోగానీ అర్హులకు బియ్యం నిరాకరించకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది. డీలరు ఒప్పుకోకపోతే వాదనకు దిగడం కంటే, ఆ రోజు తేదీ, కార్డు నంబరు, ఏమి చెప్పి తిప్పి పంపారో రెండు వాక్యాల్లో రాసి తహసీల్దారుకు ఇవ్వడం మంచిది. రాతలో ఉన్న సంగతికి జవాబు వస్తుంది.

నీళ్ల సంగతి డెల్టా ఎరిగినవారికే అర్థమవుతుంది. చుట్టూ నీళ్లే ఉన్నా సముద్రానికి దగ్గరి మండలాల్లో భూగర్భజలం ఉప్పన. తాగేది కాలువ నీటితో నింపిన మంచినీళ్ల చెరువు నుంచే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. 2021లో రెండో ఉద్ధృతి సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చి పడింది. గట్టు మీది పాకలకు పైపులైను ఉండదు కనుక కాలువ కట్టేసిన రోజు నుంచే వారికి స్నానానికీ, చేతులు కడగడానికీ నీళ్లు కరవు. ఏటా కాలువలు కట్టేసే తేదీ ముందుగానే ప్రకటిస్తారు. ఆ తేదీకి ముందే పంచాయతీ కార్యదర్శికి పేటల పేర్లు ఇచ్చి, ట్యాంకరు ఏ రోజుల్లో ఎక్కడ ఆగుతుందో రాయించుకోవాలి. పాకకో మూతగల డ్రమ్ము, కుళాయి బిగించిన చిన్న క్యాను, సబ్బు ఉంటే చాలు; ఖరీదైన శానిటైజర్ అక్కరలేదు. ఊరి కుళాయి దగ్గరికి, రేవు దగ్గరికి జబ్బు పేరు చెప్పి గిరిజనులను రానివ్వకపోవడం మాత్రం నేరం. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఉమ్మడి నీటి వనరుల నుంచి అడ్డుకోవడమూ, సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడమూ శిక్షార్హాలు. ఈ మాట ఊరి పెద్దలకు ముందే మర్యాదగా చెప్పి ఉంచితే చాలా తగాదాలు రాకుండానే పోతాయి.

ఇక అడ్వాన్సుల సంగతి. చెరువు కాపలాకు కుదిరేటప్పుడు పెళ్లికో, ఆసుపత్రికో తీసుకున్న సొమ్ము తీరేదాకా కుటుంబమంతా ఆ గట్టు దాటలేని స్థితి ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో రాకపోకలు ఆగినప్పుడు ఇటువంటి కుటుంబాలు ఎవరి కంటా పడవు. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం ప్రకారం అప్పు పేరుతో మనిషి కదలికను కట్టిపడేయడం నేరమే కాదు, అటువంటి అప్పు తీర్చవలసిన బాధ్యత కూడా రద్దవుతుంది. జిల్లాలోను, రెవెన్యూ డివిజన్‌లోను నిఘా సంఘాలు ఉండాలని అదే చట్టం చెబుతోంది. అయితే యజమానులందరూ ఒకే తీరు కారు. కొందరు ఆ కష్టకాలంలో కాపలాదారుల కుటుంబాలకు నెలల తరబడి తిండిగింజలు పంపారు. కనుక మొదట మాట్లాడి చూడాలి. జ్వరం వచ్చిన మనిషి స్థానంలో మరొకరిని పెట్టుకోవాలనీ, ఆ రోజులకు కూలి కోయకూడదనీ, ఆసుపత్రికి వెళ్లడానికి అడ్డు చెప్పకూడదనీ ముందుగానే ఒప్పించుకోవాలి. మాట వినకుండా మనిషిని ఆపితే ఆ రోజే సబ్ కలెక్టరుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా తెలియజేయాలి.

జబ్బు కనిపించిన రోజున

తాటాకు పాక ఒకటే గది. అందులో ఆరుగురు ఉంటారు. అటువంటి ఇంటికి 'విడిగా ఒక గదిలో ఉండండి' అన్న కరపత్రం ఇచ్చి రావడం వారిని అవమానించడమే అవుతుంది. చేయదగిన పని ఏమిటంటే, పేటకు దగ్గరలో ఉన్న పాఠశాలనో, సామాజిక భవనాన్నో ముందే అడిగి పెట్టుకుని, జబ్బు పడినవారికి అక్కడ చోటు చూడడం. అక్కడికి పంపేటప్పుడు ఇంటివారిలో ఒకరు దూరంగానైనా కనిపించేటట్టు, తమ వంట తమకు అందేటట్టు చూడాలి. ఊళ్లోవారి నడుమ ఒంటరిగా ఉండలేక రాత్రికి రాత్రి పారిపోయినవారిని తప్పుపట్టే ముందు, వారికి అక్కడ పలకరించే మనిషి ఉన్నాడా అని ఆలోచించాలి. చోటు దొరకకపోతే పాకకు గాలి వాలున, పది పదిహేను అడుగుల దూరంలో, టార్పాలిన్ పందిరి వేసి, నవారు మంచం, దోమతెర, విడిగా నీళ్ల క్యాను పెట్టి ఉంచవచ్చు. గాలి బాగా ఆడే చోట జబ్బు వ్యాపించడం తక్కువ కనుక పాకలో కుక్కి ఉంచడం కంటే అదే మేలు.

ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటరు పేటకొకటి ఉండడం మంచిది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో అది అసలు స్థాయి కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని కొవిడ్ కాలంలో జరిగిన పరిశీలనల్లో తేలింది. ఎండలో పనిచేసి చేతులు కమిలిన మనిషికి 95 చూపించిందని ఊరుకోకూడదు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పెదవులు నీలి రంగుకు తిరిగినా, మగతగా ఉన్నా, ముందు రోజు కంటే అంకె మూడు నాలుగు తగ్గినా ఆసుపత్రికి బయలుదేరాలి. 94 కంటే తగ్గితే ఎంతమాత్రం ఆగకూడదు. ఎర్రమట్టి, నూనె, గోరింటాకు ఉన్న వేలికి యంత్రం పెడితే అంకె సరిగా రాదు కనుక వేలు కడిగి, వెచ్చబడ్డాక పెట్టాలి.

లంకల్లో ఉన్నవారికి 108 వాహనం రేవు దాకానే వస్తుంది. రాత్రి పూట పంటు (రేవు దాటించే పడవ) తిరగదు. కనుక ఏ పడవ, ఎవరు నడుపుతారు, డీజిలు ఖర్చు ఎవరిది అన్నది జబ్బు రాకముందే తేల్చుకుని, ఆ పడవ నడిపే మనిషి నంబరు ఏఎన్‌ఎం దగ్గర ఉంచాలి. వైద్య సలహాకు 104. యానాం పక్కన ఉండేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది కనుక ఆంక్షల వేళ సరిహద్దు దగ్గర ఆపవచ్చు. పైగా షెడ్యూల్డు తెగల జాబితా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం రాష్ట్రానికి, కేంద్రపాలిత ప్రాంతానికి వేర్వేరుగా ఉంటుంది కాబట్టి ఇక్కడి ధ్రువపత్రం అక్కడ పనికిరాకపోవచ్చు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లే దారినే ముందుగా చూసుకోవడం మంచిది.

ఆసుపత్రికి పంపేటప్పుడు పేటకు చెందిన మనిషో, వారికి తెలిసిన ఆశా కార్యకర్తో వెంట ఉండాలి. పెద్దాసుపత్రి వరండాలో ఎవరిని అడగాలో తెలియక, 'నువ్వు' అని గద్దించిన గొంతుకు బెదిరి, చీటీ పట్టుకుని వెనక్కి వచ్చేసినవారు ఉన్నారు. చికిత్సకు వచ్చిన మనిషిని మీరు అని పిలవడం, వంటి మీద చేయి వేసే ముందు చెప్పి వేయడం సిబ్బందికి ఖర్చు లేని పనులు. ఇవి లేకపోవడం వల్లనే చాలామంది జబ్బు ముదిరేదాకా గడప దాటరు.

దగ్గు అనగానే కొత్త జబ్బు ఒక్కటే అనుకోకూడదు. 2019లో దేశంలో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదుకాగా 2020లో అవి సుమారు 18 లక్షలకు పడిపోయాయి. క్షయ తగ్గి కాదు, పరీక్షలు తగ్గి. కిక్కిరిసిన పాకల్లో, చాలీచాలని తిండితో ఉండేవారికి ఇది పెద్ద ముప్పు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. మందులు వాడుతున్నవారికి ఆంక్షలు మొదలవుతాయని తెలియగానే నెలకు సరిపడా ముందే ఇప్పించాలి.

పందుల పెంపకం మీద బతికే ఎరుకల కుటుంబాల మీద ఏ జబ్బు వచ్చినా నింద పడుతుంది. పందుల వల్ల కొన్ని జబ్బులు రావడం నిజమే, వాటిని ఊరికి దూరంగా కొట్టాల్లో పెంచవలసిన అవసరమూ నిజమే. కానీ మనిషి నుంచి మనిషికి సోకే జబ్బుకు పందులను పట్టుకుపోవడం, పాకలు పీకించడం పరిష్కారం కాదు. అటువంటి పని ఏదైనా చేయవలసి వస్తే ముందుగా నోటీసు, పశువైద్యుని నివేదిక, నష్టపరిహారం ఉండాలని అడగాలి. ఆంక్షల కాలంలో పోరంబోకు గట్ల మీది పాకలను ఖాళీ చేయించడాన్ని ఏ కారణం చెప్పినా ఒప్పుకోకూడదు. ఇంట్లో ఉండమని చెబుతూ ఇల్లే తీసేయడం జబ్బును ఊరంతా పంచడమే అవుతుంది.

టీకా, సమ్మతి

ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన ప్రకటనకు మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. ఎటువంటి వివక్షా లేకుండా వైద్యం పొందే హక్కు, తమ సంప్రదాయ వైద్యాన్ని, మూలికలను నిలుపుకొనే హక్కు రెండూ ఆదివాసులకు ఉన్నాయని అందులోని 24వ అధికరణం చెబుతోంది. ఆ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టనక్కరలేదు. మూలికలు ఎరిగిన యానాది పెద్దను పక్కకు నెట్టి టీకా గురించి చెబితే పేటలో ఎవరూ వినరు. ఆ పెద్దనే ముందు కలిసి, జ్వరానికి ఇచ్చే కషాయాన్ని ఎవరూ వద్దనడం లేదనీ, ఊపిరి ఆడని మనిషిని మాత్రం ఆపకుండా పంపాలనీ కోరితే, ఆయన మాటే మనకు బలం అవుతుంది.

టీకా ఎందుకు, వేసుకున్నాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు అన్నది దాచకుండా చెప్పాలి. దాచిపెట్టి వేస్తే మర్నాడు వచ్చిన జ్వరం పేటంతటినీ భయపెడుతుంది. కూలికి వెళ్లేవారికి ఆ రెండు రోజుల పని పోతుంది కనుక పని లేని రోజు ముందు సాయంత్రం వేయించడం ఉత్తమం. టీకా వేయించుకోకపోతే రేషను ఆపుతామని బెదిరించడం చట్టవిరుద్ధం కూడా. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది. గుర్తింపు కార్డు లేదని వెనక్కి పంపడమూ తప్పే. కార్డులు లేనివారికి ఒక సహాయకుని ద్వారా నమోదు చేసి టీకా వేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే నెలలోనే విధానం ప్రకటించింది. మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా మొదటి వారంలోనే ఈ పద్ధతిని గుర్తు చేసి అమలు చేయించుకోవాలి.

వరద కూడా తోడైతే

2020 ఆగస్టులో కొవిడ్ ఉండగానే గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, 11.75 అడుగుల దగ్గర ఇచ్చే మొదటి హెచ్చరికకే ఏటిగట్టు లోపలి పాకలవారు కదలాలి. జబ్బు ఉన్న రోజుల్లో ఒకే కల్యాణ మండపంలో అందరినీ కుక్కకుండా, పేటల వారీగా వేర్వేరు గదులు, గర్భిణులకు, క్షయ రోగులకు విడిగా చోటు ఉండేలా తహసీల్దారును ముందే అడగాలి. పునరావాస కేంద్రంలో గిరిజనులను వరండాలోకి నెట్టడం, భోజనాల బంతిలో చివర కూర్చోబెట్టడం ఇంకా కనిపిస్తూనే ఉంది. సహాయ చర్యల్లో కులాన్ని బట్టి, వర్గాన్ని బట్టి వివక్ష చూపరాదని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ నిషేధించింది. ఆ సెక్షన్ పేరు చెప్పి అడగడానికి వెనుకాడవద్దు.

మరణం సంభవిస్తే

మరణించిన మనిషి ముఖాన్ని దగ్గరివారు దూరం నుంచి చూడవచ్చనీ, దేహాన్ని తాకకుండా చేసే కర్మలకు అడ్డు లేదనీ 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. యానాదులు పాతిపెట్టే ఆచారం ఉన్నవారు. పేటకు శ్మశానం లేకపోవడం, ఊరి శ్మశానంలోకి రానివ్వకపోవడం మామూలు రోజుల్లోనే ఉన్న బాధ. మహమ్మారి దాన్ని రెట్టింపు చేస్తుంది. స్థలం ఏదో రెవెన్యూ అధికారి దగ్గర ముందుగానే రాయించి ఉంచుకోవాలి.

పాకలో పోయినవారి మరణం చాలాసార్లు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆ కాగితం ఎంత ముఖ్యమో 2021లో తెలిసింది. కొవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సహాయం ప్రకటించినప్పుడు, పరీక్షలో నిర్ధారణ అయిన 30 రోజుల్లోపు ఆసుపత్రి బయట మరణించినా అర్హులేనని మార్గదర్శకాలు చెప్పాయి, మరణ కారణం మీద వివాదం ఉంటే జిల్లా సంఘానికి దరఖాస్తు చేసుకునే వీలూ ఇచ్చాయి. కానీ పరీక్ష చీటీ, మరణ ధ్రువపత్రం రెండూ ఉన్నవారే ముందు నిలిచారు. తర్వాత 2022 మార్చిలో సుప్రీంకోర్టు దరఖాస్తులకు గడువు కూడా పెట్టింది. కనుక పరీక్ష చీటీలు, ఆసుపత్రి కాగితాలు వానకు తడవని ప్లాస్టిక్ సంచిలో ఇంటికొకటి దాచి ఉంచడం, మరణం జరిగిన వారంలోనే సచివాలయానికి పేటవారిలో ఒకరు వెంట వెళ్లి నమోదు చేయించడం ఒక ఏర్పాటుగా పెట్టుకోవాలి. పేట జాబితాలో కూడా ఆ మరణాన్ని తెగ పేరుతో రాసుకోవాలి. యానాదులు ఎందరు పోయారో తెలియకుండా వచ్చే ఏడాది వారికి ఏమి కావాలో ఎవరూ చెప్పలేరు.

ఎవరికి చెప్పుకోవాలి

ఊళ్లో పని కాకపోతే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక ప్రతి జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి పంపాలి. అత్యాచారాలు, బహిష్కరణల ఫిర్యాదులకు 14566, న్యాయసహాయానికి 15100. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉంది. మండల స్థాయిలోని న్యాయసేవల సంఘానికి తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా చాలు. ఇవేవీ కదలకపోతే రాజ్యాంగం 338ఎ కింద ఏర్పడిన జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్‌కు రాయవచ్చు. సివిల్ కోర్టులా అధికారులను పిలిపించి వివరణ అడిగే అధికారం దానికి ఉంది.

అర్జీ రాసేటప్పుడు ఒక కాగితంలో ఒకే సంగతి ఉండాలి. ఊరు, పేట, తేదీ, జరిగింది, కావలసింది, ఈ అయిదూ పది వాక్యాలు దాటకుండా రాసి, కింద బాధితుల సంతకాలో వేలిముద్రలో వేయించాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని వారికి గట్టిగా చదివి వినిపించాలి, ఏ మాటైనా మార్చమంటే మార్చాలి.